పావుగంట టీచరు

ఆవిడకు పేరు లేదని కాదు, మా బడిలో ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. పిల్లలకూ టీచర్లకూ గేటు దగ్గర అటెండరుకూ ఆవిడ పావుగంట టీచరే. తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడి, "మీ వాణ్ణి ఒక్క పావుగంట నాకివ్వండి" అనేది. ఇచ్చేదాకా కదిలేది కాదు. నేను లెక్కలు చెప్పేదాన్ని, ఓపిక నాకు పుట్టుకతోనే తక్కువ. భాగహారం సగంలో ఉండగా వచ్చి పిల్లవాణ్ణి లేవదీసుకుపోతే ఒళ్లు మండిపోయేది. ఒకసారి ఆ మాట మొహం మీదే అనేశాను. "మళ్లీ తెచ్చి అప్పజెప్తాలే, కొరుక్కు తింటానా ఏమిటి?" అని నవ్వి, వాడి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

తీసుకుపోయేది మెట్ల కింద గదికి. మాది రెండంతస్తుల సర్కారు బడి. పదకొండు మంది టీచర్లం, పిల్లలు మూడు వందలకు కాస్త తక్కువ. మెట్ల కింద గదిలో అంతకు ముందు విరిగిన బెంచీలు పడేసేవాళ్లు. ఆవిడ వచ్చిన మొదటి వారంలోనే వాటిని బయట పెట్టించి, ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుంది. ఏటవాలు కప్పు కావడం వల్ల పెద్దవాళ్లెవరైనా వంగే లోపలికి వెళ్లాలి. పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, పొడుగు మనిషి. వెళ్లిన ప్రతిసారీ తల కొట్టుకునేవాడు. "నా గదిలో మీరే నమస్కారం పెట్టాలి సార్" అనేది ఆవిడ.

పని చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఒక పిల్ల, ఒక పుస్తకం, పావుగంట. చదవడం రాకుండానే అయిదో తరగతి దాకా వచ్చేసిన వాళ్లను ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకునేది. తప్పు చదివితే దిద్దేది కాదు, "మళ్లీ చూడు" అనేది. మళ్లీ తప్పయితే మళ్లీ అదే మాట. ఒకసారి గుమ్మంలో నిలబడి విన్నాను. ఒక్క వాక్యం మీద పదకొండుసార్లు "మళ్లీ చూడు" అంది. నాకైతే తల ప్రాణం తోకకొచ్చింది. పన్నెండోసారి ఆ పిల్లవాడు చదివాడు. చదివి, తనే తెల్లబోయాడు.

చదవడం రానివాళ్లను పట్టుకోవడంలో ఆవిడకు సాటి లేదు. అలాంటి పిల్లలు మహా జాగ్రత్తగా ఉంటారు. పాఠం వినికిడి మీద బట్టీ పడతారు, పక్కవాళ్లు పేజీ తిప్పినప్పుడు తామూ తిప్పుతారు. నా తరగతిలో రెండేళ్లు కూర్చున్న పిల్లకు చదవడం రాదని నాకే తెలియలేదు. ఈవిడ వచ్చి, గడగడా అప్పజెబుతున్న ఆ పిల్ల పుస్తకంలో మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంటమ్మా?" అంది. పిల్ల నోరు మూతపడింది.

"ఎలా కనిపెట్టావక్కా?" అని అడిగాను.

"నేనూ ఆ బాపతే కదమ్మా. పదేళ్లు వచ్చేదాకా నాకు ఒక్క ముక్క చదవడం రాదు. మా చెల్లి ఇంట్లో పైకి చదివేది, నేను విని బడిలో అప్పజెప్పేదాన్ని. మా అమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేది. నేను క్లాసులో మూడోదాన్నని అందరికీ చెప్పుకునేది పాపం."

ఆ బండారం బయటపెట్టింది నెల రోజులకని వచ్చిన ఒక ముసలి టీచరట. ఆవిడ తిట్టలేదు, ఇంటికి కబురు పెట్టలేదు. మిగతావాళ్లు రాసుకుంటుంటే రోజూ పావుగంట పక్కన కూర్చోబెట్టుకుందట. నెల తిరిగి ఆవిడ వెళ్లిపోయేసరికి ఈవిడ దుకాణాల బోర్డులు చదువుతోంది. తర్వాత చదువు ఆగింది, పదేళ్లు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టింది, మళ్లీ మొదలుపెట్టి ముప్ఫై ఒకటో ఏట టీచరయింది. పెళ్లి సంగతి ఎత్తితే, "నన్ను పావుగంటకు మించి భరించడం ఎవరి వల్లా కాలేదు" అనేది. నవ్వుతూ అన్నా, వెంటనే మాట మార్చేసేది.

ఆవిడది అదనపు పోస్టు. ఏ ఏటికా ఏడు పై ఆఫీసువాళ్లు కొనసాగిస్తేనే ఉంటుంది. నేను నలభై ఆరు మందికి చెబుతున్నాను, ఆవిడ ఏడాది మొత్తం మీద తొమ్మిది మందికి చెబుతోంది, ఇద్దరి జీతమూ ఒకటే. స్టాఫ్ రూములో దీని మీద గుసగుసలు ఉండేవి. దాచడం దేనికి, అందులో ఎక్కువ గొంతు నాదే.

ఆ ఏడు మొదట్లో పై ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. నాలుగు పేజీలు. బడుల మీద పెడుతున్న డబ్బుకు తగ్గ చదువు పిల్లలకు వస్తోందో లేదో ఇకనుంచి చూస్తామని దాని సారాంశం. అయిదో తరగతి పిల్లలకు ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చదివించే పరీక్ష, ఇరవై మార్కులకు. మా బడిలో సర్క్యులర్లకు ఒక పద్ధతి ఉంది. పెద్దసారు మొదటి పేజీ చదువుతాడు, రెండోది తిప్పుతాడు, చివర "చదివి తెలుసుకున్నాము" అని రాయిస్తాడు, అందరం వరసగా సంతకాలు పెడతాం. పిల్లలకు చదవడం నేర్పడానికి జీతం తీసుకునే పదకొండు మందిమి, ఆ నాలుగు పేజీల్లో మూడోదీ నాలుగోదీ ఒక్కరమూ చదవలేదు. పావుగంట టీచరు కూడా చదవలేదు. ఆ గంటలో ఎవరికో "మళ్లీ చూడు" అని చెబుతోందట.

మొదటి పేజీలో మాకు అర్థమైంది ఒక్కటే. చివరి పరీక్షలో బడి సగటు తగ్గితే పీకల మీదికొస్తుంది, అదనపు పోస్టులకు కోత పడుతుంది. సగటు తగ్గకుండా చూసుకోవడం మాకు కొత్త కాదు. చదవడం రానివాళ్లను పరీక్ష రోజున ఇంట్లో ఉండమంటాం. హాజరు పట్టీలో జ్వరం అని రాస్తాం. ఇది మా బడి ఒక్కదాని భాగోతం కాదు. అన్నేళ్లలో ఎవరూ దీన్ని తప్పనుకోలేదు. నేనూ అనుకోలేదు.

చివరి పరీక్షకు వారం ముందు పెద్దసారు ఆవిడను పిలిచాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"మీ తొమ్మిది మంది ఆ రోజు రాకపోతే మంచిదేమో టీచర్" అన్నాడు, కాగితాల వంక చూస్తూ.

"వాళ్లు చదువుతున్నారు సార్."

"చదువుతున్నారు సరే. ఇరవైకి ఇరవై తెస్తారా?"

"తేరు. పదో, పన్నెండో వస్తాయి. మొదట్లో సున్నాలు కదా."

నేనే అందుకున్నాను. "అక్కా, నీ వాళ్లకి పదొచ్చినా సగటు కిందికి పోతుంది. సగటు పోతే ముందు ఎగిరేది నీ పోస్టే. అప్పుడు వచ్చే ఏడు పిల్లలకి పావుగంట ఎవరిస్తారు? ఒక్క రోజు ఇంట్లో కూర్చుంటే అరిగిపోతారా?"

 ఆవిడ ఒప్పుకుంది. ఒప్పించింది నేనే. లెక్కల మనిషిని కదా, తీసివేత బాగా చెప్పాను.

పరీక్ష ముందు రోజు తొమ్మిది మందినీ మెట్ల కింద గదికి పిలిచి, రేపు మీకు సెలవు అని చెప్పింది. ఎనిమిది మంది గంతులేశారు. తొమ్మిదోది పిడుగు. పంక్చర్ షాపతని కూతురు, పదేళ్ల పిల్ల, ఒక్కచోట కాలు నిలవదని మేమే ఆ పేరు పెట్టాం. ఏడాది మొదట్లో పుస్తకం ఇస్తే బల్ల కింద దూరిన పిల్ల అది. ఇప్పుడు తండ్రి షాపులో ట్యూబుల పెట్టెల మీద రాతలన్నీ చదివి ఆయన్ని విసిగిస్తోంది.

"సెలవు అందరికా టీచర్?" అంది పిడుగు.

"మీకే."

"మాకే ఎందుకు?"

 "రేపొక్కరోజేనే" అంది ఆవిడ, పుస్తకాలు సర్దుతూ.

మర్నాడు పిడుగు వచ్చింది. తలకు నూనె రాసుకుని, ఉతికిన బట్టలు వేసుకుని, పుస్తకం పట్టుకుని వచ్చింది. అటెండరుకు పెద్దసారు ముందే చెప్పి ఉంచాడు. గేటు తియ్యలేదు. ఆ పిల్ల గేటు కమ్మీలు పట్టుకుని కాసేపు నిలబడి, వెళ్లిపోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మేడ మీద కిటికీలోంచి ఆవిడ చూసిందట. కిందికి దిగి పిలవడానికి ఎంతసేపు పడుతుంది? దిగలేదు.

ఆ ఏడు మా సగటు చుట్టుపక్కల బడులన్నిటికంటే పైన వచ్చింది. పెద్దసారు మాకందరికీ టీ తెప్పించాడు.

మూడు వారాల తర్వాత పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చింది. ఖర్చులు చూసే ఆవిడ. నలభై ఏళ్లుంటాయి, చేతిసంచీలోంచి తన మంచినీళ్లు తనే తీసుకుని తాగింది. టీ వద్దంది. మెట్ల కింద గది చూస్తానంటే తీసుకెళ్లాం. వంగి లోపలికి వెళ్లి, కుర్చీలో కూర్చుని, కాగితం తెరిచింది.

"మీ సగటు బాగుంది సార్. నేను దాని కోసం రాలేదు. ఈ గది కోసం వచ్చాను. ఈ తొమ్మిది మంది మీద ఒక టీచరు ఏడాది జీతం ఖర్చయింది. ఏడాది మొదటి మార్కులున్నాయి, అన్నీ సున్నాలు. చివరి మార్కుల దగ్గర తొమ్మిది గళ్లూ ఖాళీ. ఏమయ్యారు?"

"జ్వరాలండీ" అన్నాడు పెద్దసారు.

"తొమ్మిది మందికీనా?"

 అప్పుడు అధికారి సర్క్యులర్ తీసి నాలుగో పేజీ చదివి వినిపించింది. అదనపు టీచర్ల విషయంలో బడి సగటు చూడరు. ఆ టీచరు దగ్గరున్న పిల్లలు ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చారో, ఆ పెరిగిన మార్కులు మాత్రమే చూస్తారు. పిల్లకు సగటున పది మార్కులు పెరిగితే పోస్టు ఉంటుంది. పెరగకపోతే ఆ డబ్బు ఇంకోచోట పెడతారు. అంటే, ప్రభుత్వం ఒక్కసారైనా ఆ గదిలో జరిగే పనికి విలువ కడదామని వస్తే, ఆ పనినే మేము దాచిపెట్టాం. 

పావుగంట టీచరు ముందుకొచ్చింది. "జ్వరాలు కాదు మేడం. నేనే రావద్దని చెప్పాను."

పెద్దసారు పేరు ఎత్తలేదు. నా పేరు ఎత్తలేదు. నేనూ నోరు విప్పలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు సిగ్గుగానే ఉంది.

అధికారి కోప్పడుతుందనుకున్నాం. కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఎందుకమ్మా అలా చేశారు?" అంది, అంతే. తర్వాత, "గురువారం వస్తాను. నేనే కూర్చుని చదివిస్తాను. తొమ్మిది మందినీ పంపించండి" అంది.

గురువారం వచ్చింది. పరీక్షకు ఇద్దరు టీచర్లు సాక్షులుండాలట, పావుగంట టీచరుతో పాటు నన్నూ కూర్చోబెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. మొదటివాడికి గొంతు వణికింది, అయినా పేజీ పూర్తి చేశాడు. పన్నెండు. రెండో పిల్లకు పది. మూడోవాడు ఒక మాట దగ్గర ఆగి, తనలో తనే "మళ్లీ చూడు" అనుకుని, చూసి, చదివాడు. అధికారి తల వంచుకుని మార్కు వేసింది గానీ, కలం కాసేపు కదలలేదు. అలా ఎనిమిది మంది చదివారు. నేను వేళ్ల మీద కూడుతున్నాను. ఎనభై ఏడు మార్కులు.

తొమ్మిదోది పిడుగు. వచ్చి కూర్చుంది. ఎప్పుడూ ఊగే కాళ్లు ఆ రోజు ఊగలేదు. అధికారి పుస్తకం తెరిచి ముందు పెట్టింది. పిడుగు దాని వైపు చూడలేదు, బల్ల అంచు వైపు చూస్తూ కూర్చుంది.

"చదువమ్మా" అంది అధికారి.

లేదు.

"ఒక్క వాక్యం చాలు."

లేదు.

పావుగంట టీచరు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "చదవవే పిడుగూ. నిన్న కాక మొన్న చదివావు కదే."

"నాకు రాదు" అంది పిడుగు.

 పావుగంట అలాగే గడిచింది. అధికారి, "సరేనమ్మా, వెళ్లి ఆడుకో" అంది. పిల్ల లేచి, కుర్చీ శబ్దం కాకుండా లోపలికి జరిపి, వెళ్లిపోయింది.

అధికారి కాగితం మీద ఏదో రాసి సంతకాలకు మా వైపు తిప్పింది. నేను పెట్టేశాను. పావుగంట టీచరు కలం తీసుకుని, చివరి గడి దగ్గర ఆగింది. అందులో "గైర్హాజరు" అని ఉంది.

"పిడుగు వచ్చింది మేడం" అంది.

"తెలుసు. అలా ఉండనివ్వండి."

"నా పక్కనే కూర్చుంది కదా."

అధికారి గొంతు తగ్గించింది. "ఎనిమిది మంది మీద అయితే పది దాటుతుంది, పోస్టు ఉంటుంది. తొమ్మిదోది సున్నా అని రాస్తే దాటదు. నేను ఇలాంటి గదులు ఇరవై చూశాను. డబ్బు దండగ కాని గది ఇదొక్కటే. నన్ను రాయనివ్వండి."

నేను అప్పటికే భాగించాను. ఎనభై ఏడును ఎనిమిది పెట్టి భాగిస్తే దగ్గర దగ్గర పదకొండు. తొమ్మిది పెట్టి భాగిస్తే పదికి తక్కువ. బల్ల కింద ఆవిడ చెయ్యి గిల్లాను. "సంతకం పెట్టక్కా. నీకు దణ్ణం పెడతాను."

"ఒకసారి రావద్దన్నాను, వచ్చినా లోపలికి రానివ్వలేదు" అంది ఆవిడ, నాతో కాదు, అధికారితో. "ఇవాళ మర్యాదగా పిలిస్తే వచ్చింది. వచ్చిన పిల్లని రాలేదని మళ్లీ నా చేత్తో రాయలేను మేడం."

"వచ్చే ఏడు పిల్లల సంగతి?"

"అదీ ఆలోచించాను. ఆ మాట అనుకునే కదా మొదటిసారి చేసింది."

అధికారి కాగితం తన వైపు తిప్పుకుంది. గైర్హాజరు అన్నది కొట్టేసి, పక్కన హాజరు అని రాసి, మార్కు దగ్గర సున్నా వేసింది. పావుగంట టీచరు సంతకం పెట్టింది. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఒక్క గడి కోసం ఇన్నేళ్ల గదిని తగలేసిందని తిట్టుకున్నాను. బయటికి వచ్చాక పైకే తిట్టాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, ఆవిడ చేసింది తప్పని మాత్రం అనలేను.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. పోస్టు రద్దు. అధికారి తన నివేదికలో ఆ గది గురించి రెండు పేజీలు మెచ్చుకుంటూ రాసిందట, కానీ పది అనే గీత గీతే. ఆవిడకు మూడో తరగతి ఇచ్చారు, నలభై నాలుగు మంది. మెట్ల కింద గదిలోకి మళ్లీ విరిగిన బెంచీలు చేర్చారు.

మూడో తరగతిలో ఆవిడ మొదటి రోజున, గంట కొట్టడానికి ముందు, స్టాఫ్ రూములో మేమిద్దరమే ఉన్నాం. కోపంగా ఉన్నా పక్కన కూర్చున్నాను. ముందు రోజు సాయంత్రం పంక్చర్ షాపుకు వెళ్లానని చెప్పింది. తండ్రి నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడట. పిడుగు పక్కన కూర్చుని వాల్వులు ఏరుతోందట.

"దాని ముందు కూర్చుని చెప్పేశానమ్మా. నీకు రాదని రావద్దనలేదు, నాకు భయం వేసి అన్నాను, తప్పు నాదే అన్నాను. వాళ్ల నాన్న తల కూడా ఎత్తలేదు. ఇదేమో, 'ఆ కాగితంలో నా పేరు రాశారా?' అంది. రాశారు అన్నాను. ఎన్నొచ్చాయి అంది. సున్నా అన్నాను."

"ఏమందక్కా?"

"'సున్నా ఎందుకు టీచర్? నాకు వచ్చు. నేను చదవలేదంతే' అంది."

 వచ్చట. నోరు విప్పి ఉంటే గది నిలిచేది.

"మరి ఎందుకు చదవలేదే అని అడిగాను" అంది ఆవిడ.  "వాల్వులు ఏరుకుంటూనే చెప్పింది. 'ఆ రోజు గేటు దగ్గర నిలబడితే మీరు కిటికీలోంచి చూశారుగా టీచర్. పిలుస్తారేమోనని చాలాసేపు నిలబడ్డాను' అంది. అది నన్ను చూసిందమ్మా. నాకు తెలీదు, అది నన్ను చూసిందని."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. గంట కొట్టారు. హాజరు పట్టీ తీసుకుని మూడో తరగతికి వెళ్లింది.